కాకిగెడ్డ నీళ్ళు ఎటు పోతున్నట్టు?

311వ నడక. సోమవారం.

కాకిగెడ్డ రిజర్వాయర్‌లో నీళ్ళు ఎర్రగీతకి పదమూడు వేళ్ళ పైన ఉన్నాయి. వేలు అంటే గట్టు రాయి మీద చెక్కిన వేలు, నాది కాదు. ఒకసారి నా వేలితో కొలిచి ఒకటి ఎక్కువ రాసి వార్డంతటి ముందూ నవ్వులపాలయ్యాను. సముద్రం మీదికి మబ్బుల్ని కురిపించే వాన పడవలు వచ్చే తారీఖు ఇంకా నాలుగు వారాలుంది. ఏటా ఈ ఎండల్లో నీళ్ళు వారానికి మూడు వేళ్ళు దిగుతాయి. ఈసారి నాలుగు దిగుతున్నాయి.

నా పేరు నూకరత్నం. ఇరవయ్యేళ్ళు కుళాయిలు బిగించాను. ఆరేళ్ళుగా ఈ వార్డుకి నడకమనిషిని. తోటలూ పార్కులూ కాలవా రిజర్వాయరూ కాలినడకన చూసి, చూసింది ఇంకుతో ఈ పుస్తకంలో రాయడం నా పని. కొట్టివేతలుండకూడదు. నెలకోసారి గట్టు మీద వార్డువాళ్ళందరూ కూర్చుంటే మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పైకి చదవాలి. ఈ నెల చదువు వచ్చే మంగళవారం.

నా చేతికర్ర తలలో లెక్కలయ్య ఉంటాడు. మనిషి కాదు. ఏ చెట్టుకి ఎంత నీరు, ఏ కుళాయికి ఎంత ధార అని చూసుకునే యంత్రం. గొంతు మాత్రం పెళ్ళిచూపులకొచ్చిన మేనమామలా మహా మర్యాదగా ఉంటుంది.

"గండేమన్నా పడిందేటి?" అని అడిగాను.

"లేదండి. పంపిన ప్రతి డ్రమ్ము నీరూ బతికున్న చెట్టుకే చేరింది."

"మరేల దిగిపోతంది?"

"చెట్లు పెరిగాయి. ఉప్పుమడి తోటలో మూడు వందల మొక్కలు చేరాయి. ఇదే వరసన దిగితే వాన తారీఖుకి అయిదు రోజుల ముందు నీరు ఎర్రగీత దాటుతుంది. దాటిన క్షణం నుంచి అన్నిటికన్నా కొత్త తోటకి నీరు ఆపాలి. అది నిబంధన."

అన్నిటికన్నా కొత్త తోట ఉప్పుమడే. ఉప్పునేలలో లేత మొక్కకి ఈ ఎండలో అయిదు రోజులు నీళ్ళు లేకపోతే ఇంక మిగిలేది పుల్ల. చావు కబురు చల్లగా చెప్పడంలో లెక్కలయ్యని మించినవాడు లేడు. నాకు మాత్రం ఆ లెక్క నోటికి రుచించలేదు. ఇరవయ్యేళ్ళు గొట్టాలతో బతికినదాన్ని, నీళ్ళు ఎటు పోతున్నాయో కళ్ళతో చూస్తే తప్ప నమ్మను.

312వ నడక. మంగళవారం.

పొద్దున్నే గట్టు పక్కన జిల్లేడు పూలు అరవై కోశాను. కాలవ నాలుగు పాయలుగా చీలుతుంది. నీళ్ళు ఎంతెంత ఎటు పోతున్నాయో తెలియాలంటే పూలు వదిలి, ఏ పాయలోకి ఎన్ని తిరిగాయో లెక్కపెట్టుకోవడమే. మా మేస్త్రీ నేర్పిన పద్ధతి.

"ప్రతి పాయలోనూ మీటరు ఉందండి," అన్నాడు లెక్కలయ్య.

"ఉంటే ఉండనీ. నా పూలు నావి."

రిజర్వాయరంతా ఆవిరి పోకుండా తేలే మూతలు పరిచి ఉంది. వాటి మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. తూము దగ్గర పూలు వదిలి, కాలవ వెంట చీర ఎగ్గట్టి పరుగెత్తాను. యాభై రెండేళ్ళ వయసులో పూల వెనక పరుగేమిటని ట్రామ్‌లో వెళ్ళేవాళ్ళు తలలు బయటపెట్టి చూశారు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

తూనీగల తోట పాయలోకి పది పూలు. వీధుల పాయలోకి ఇరవై ఎనిమిది. ఉప్పుమడికి మూడంటే మూడు. మద్దితోటకి పంతొమ్మిది.

మళ్ళీ అరవై కోసి వదిలాను. ఒకటీ అరా తేడాతో అదే లెక్క. మద్దితోట ఎంతుంటుంది? చుట్టూ తిరగడానికి పావుగంట పట్టదు. అంత చిన్న తోటకి వార్డు నీళ్ళలో మూడోవంతు ఎందుకు?

మద్దితోట గేటు దాకా వెళ్ళాను. లోపలికి వెళ్ళలేదు. చీకటిపడిందని రాద్దామనుకున్నాను గానీ పడలేదు, పట్టపగలే. నాలుగేళ్ళుగా ఈ పుస్తకంలో 'మద్దితోట, గేటు దాకా' అనే రాస్తున్నాను. ఇన్నేళ్ళలో ఎందుకని ఎవరూ అడగలేదు. అడగకూడదనే నేనూ గబగబా చదివేస్తుంటాను.

313వ నడక. గురువారం.

మద్దితోటకి వెళ్ళాల్సిన రోజు తూనీగల తోటకి వెళ్ళాను. తప్పించుకోవడానికే వెళ్ళానని రాస్తున్నాను, మంగళవారం పైకి చదవాల్సింది నేనే కాబట్టి.

ఇది ఒకప్పుడు కార్లు పెట్టుకునే అయిదంతస్తుల భవనమట. ఇప్పుడు అంతస్తుకో మడుగు. పైనుంచి కిందికి నీళ్ళు మెట్లు దిగుతూ వస్తాయి. మూడో అంతస్తులో ఎర్ర తూనీగలు, నాలుగో దాంట్లో నీలివి. ఎర్రవాటి హద్దులోకి నీలిది ఒక్కటి వచ్చినా తరిమి కొడతాయి. ఎందుకో ఆరేళ్ళుగా చూస్తున్నా అంతుపట్టలేదు. మడుగు అంచున నేలలోంచి పాకుడు గొట్టం ఒకటి తల బయటపెట్టి, కొత్తగా లెక్కలయ్యకి పలికే నంబరు బిళ్ళ కట్టిన నేరేడు మొక్క వైపు వానపాములా జరుగుతోంది. బిళ్ళ ఎక్కడుంటే గొట్టం అక్కడికే వెళుతుంది, తెల్లవారేసరికి డ్రమ్ము నీళ్ళు పోస్తుంది. దానికి చెట్టుతో పనిలేదు, బిళ్ళతోనే పని.

గోడ పక్కన కూర్చుని చద్ది తింటుంటే కప్పలు అరిచాయి. నడిఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం కప్పకి అరిచే ధైర్యం ఎక్కడిది? పైగా ఆ అరుపు నేను ఎప్పుడూ వినలేదు, గాజులు రాసుకుంటున్నట్టు సన్నగా ఉంది. గోడ మీదికి ఒకటి ఎక్కి కూర్చుంది. బొటనవేలంత ఉంది, వీపు మీద పసుపు గీత.

"దీని పేరేటి?"

"నా జాబితాలో లేదండి," అన్నాడు లెక్కలయ్య. మొదటిసారి అతని గొంతులో ఆశ్చర్యం విన్నానా, లేక నాదే ఆశ్చర్యమా, తెలియదు. గోడ అవతల మద్దితోట.

314వ నడక. శనివారం.

ఉప్పుమడి తోటకి వెళ్ళాను. సముద్రం ఊళ్ళు మింగేశాక వచ్చినవాళ్ళకి వార్డు చివర ఇచ్చిన ఉప్పుమళ్ళు అవి. మూడు వందల ఇళ్ళు, మూడు వందల మొక్కలు. నేలంతా తెల్లగా పొరలు కట్టి ఉంటే, మొక్క చుట్టూ మాత్రం తడి. ప్రతి మొక్కకీ తాటాకు గొడుగు. తోట చూసుకునేది పైడితల్లి అప్ప. అరవై దాటాయి, నడుం వంగలేదు, నోరు అసలే వంగలేదు.

"ఏటే నూకా, మీ లెక్కలోడు మా మొక్కలే సెరువు తాగేత్తన్నాయన్నాడంట?"

"అలగనలేదప్పా."

"అన్నాడో లేదో, అందరూ అలగే అనుకుంతన్నారు. ట్రామెక్కితే జరిగి కూకుంతన్నారు. మా మొక్కకి రోజుకి బిందెడు. మీ సెట్లకి డ్రమ్ముడు. బిందెడు తాగినోళ్ళు సెరువెండగట్టేత్తారేటి? నువ్వే సెప్పు."

నా పూల లెక్కా అదే. అరవైలో మూడు పూలు.

ఒక కానుగ మొక్క దగ్గర ఆగి గొడుగు సరిచేసింది. "ఇది మా మావ పేరునేసింది. ఆయన్ని దహనం సేసిన వల్లకాడు కూడా ఇప్పుడు సంద్రంలోనే ఉంది. ఆయన పేరు పిలవాలంటే నాకు ఈ మొక్కొక్కటే. అయిదు రోజులు నీళ్ళాపేత్తే ఇదుంటాదా? తరవాత మైకులో మూడొందల పేర్లు సదువుతారు. కొత్తగా వొచ్చినోళ్ళకి సెట్టు బతికించుకోడం కూడా రాదంతారు. నలభై రోజులు కుళాయి సగం ధార. సగం ధార బరించొచ్చులే. ఆ పేర్లు ఇనలేనమ్మా."

మైకు రూలు నాలుగేళ్ళ కిందట వచ్చింది. ప్రతి ఇంటికీ ఎవరో ఒకరి పేరున నాటుకున్న ఇంటిచెట్టు ఒకటి ఉంటుంది. అది పోయిందని ఇంటివాళ్ళు చెబితే, వీధి మైకులో ఇంటి నంబరూ చెట్టు ఎవరి పేరున వేశారో ఆ పేరూ చదువుతారు. ఆ ఇంటి కుళాయికి నలభై రోజులు సగం ధారే వదులుతారు. నిర్లక్ష్యం తగ్గాలని గట్టు పెద్ద జోగారావు గారు పెట్టిన రూలు.

అప్ప నాకు మజ్జిగ ఇచ్చింది. సగం తాగి గ్లాసు దించేశాను. మజ్జిగ బాగానే ఉంది.

315వ నడక. సోమవారం, పొద్దున్న.

ఎర్రగీతకి పైన తొమ్మిది వేళ్ళు. వానకి మూడు వారాలు. వారానికి మూడు చొప్పున దిగితే సరిగ్గా సరిపోతుంది. నాలుగు చొప్పున అయితే లేదు.

గట్టు మీద కూర్చుని లెక్కలయ్యని అడగాల్సిన ప్రశ్న అడిగాను.

"మన వార్డులో ఈ నాలుగేళ్ళలో ఎన్ని ఇంటిచెట్లు చచ్చిపోయాయి?"

"ఒక్కటీ లేదండి. గర్వించదగ్గ విషయం."

"అంతకు ముందు?"

"ఏటా యాభై, అరవై. రిజర్వాయర్ కట్టినవారు ఆ చావుల్ని కూడా లెక్కలో వేసుకున్నారు. పోయిన చెట్ల నీరు కొత్త మొక్కలకి వెళ్ళేది. ఇప్పుడు ఎవరి చెట్టూ పోవడం లేదు. కొందరు మాత్రం ఇంటి దగ్గర చోటు లేక మద్దితోటకి తరలించుకున్నారు."

తొమ్మిది వందల చెట్లు, నాలుగు ఎండాకాలాలు, రెండు తుపానులు. ఒక్కటీ చావలేదట! పసిపిల్లకి చెప్పినా నమ్మదు. కానీ లెక్కలయ్య అబద్ధం చెప్పడు, అతనికి రాదు. అతనికి చెప్పినవాళ్ళు చెప్పారు అబద్ధం.

ఇక రాస్తాను. ఇంకుతో రాసింది మళ్ళీ కొట్టెయ్యలేను.

మా అమ్మ గౌరమ్మ పోయినప్పుడు ఆమె పేరున వీధిలో పనస నాటాను. నాలుగేళ్ళ కిందట అది చచ్చిపోయింది. వార్డులో తోటలన్నీ తిరిగి ఇంటికొచ్చేసరికి దాన్ని కన్నెత్తి చూసే ఓపిక ఉండేది కాదు. చెద పట్టింది. నేను చూసేసరికి వేలితో నొక్కితే మాను లోపలికి పోయింది. అప్పుడే మైకు రూలు కొత్తగా వచ్చింది. సగం ధారకి భయపడలేదు. 'గౌరమ్మ గారి చెట్టు పోయింది' అని మైకులో వినాలంటే అమ్మ రెండోసారి పోయినట్టు అనిపించింది. అదీ నా చేతుల్లో. నడకమనిషి ఇంటి చెట్టుకే దిక్కులేదని వార్డంతా నవ్వుతుందన్న సిగ్గు కూడా ఉంది, దాన్నీ దాచను. మొద్దు కొట్టించి, బిళ్ళ తీసుకెళ్ళి మద్దితోటలో పెద్ద తెల్లమద్ది మాను వెనక కట్టేశాను. 'తోటకి తరలించాం' అని చెప్పేశాను. బిళ్ళ బెరడుకి తగిలితే చాలు, చెట్టు బతికుందనే చెబుతుంది.

నాలుగేళ్ళుగా తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. నేనొక్కదాన్నే అనుకున్నాను.

316వ నడక. సోమవారం, మధ్యాహ్నం.

మద్దితోట. గేటు దాటి.

తోట అనడానికి లేదు. మధ్యలో ఉన్న తెల్లమద్ది తోటనంతా మింగి కూర్చుంది. నేను బిళ్ళ కట్టినప్పుడు ఇద్దరు చేతులు చాస్తే అందే మాను, ఇప్పుడు అయిదుగురు కావాలి. నున్నటి తెల్ల బెరడు. దాని కొమ్మల కింద చల్లదనానికి ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. చుట్టూ మోకాలి లోతు మడుగు. మడుగులో కలువలు, ఎవరు వేశారో. లకుముకి పిట్ట ఒకటి నా తల మీదుగా దూకి చేపని పట్టుకుపోయింది. ఈ మడుగులోకి చేప ఎలా వచ్చింది? కొంగ కాళ్ళకి గుడ్లు అంటుకుని వస్తాయంటారు. పసుపు గీత కప్పలు లెక్కలేనన్ని. అడుగు వేస్తే అరుపు ఆపుతాయి, ఆగితే మొదలుపెడతాయి. వచ్చిన పని మరిచి చాలాసేపు ఆ ఆట ఆడాను. ఇంత అందమైన చోటు నా వార్డులో ఉంటే నాలుగేళ్ళు గేటు దగ్గర నుంచే వెనక్కి పోయాను.

"తోపు నంబరు తొమ్మిది," అన్నాడు లెక్కలయ్య. "రెండు వందల పన్నెండు చెట్లు."

"కళ్ళు తెరిసి సూడు. ఒక్కటే సెట్టు."

"పైనుంచి చూసినా తోపులాగే కనిపిస్తోందండి. రెండు వందల పన్నెండు బిళ్ళలు పలుకుతున్నాయి."

కర్రని మాను దగ్గర పెడితే కీచుమంది. పక్కకి జరిపితే మళ్ళీ కీచుమంది. ఎక్కడ పెడితే అక్కడ కీచుమంది. నీళ్ళలో దిగి మాను చుట్టూ తిరిగాను. ఒకరు బెరడు చీలికలో దూర్చి మైనం పూశారు. ఒకరు బిళ్ళకి బెరడు రంగు వేశారు. ఒకరు పట్టుచీర అంచుతో కట్టారు, పాపం చెట్టుకి గుచ్చుకోకూడదని కాబోలు. ఒకరు నిచ్చెన వేసుకుని పైకొమ్మ మీద పెట్టారు. ప్రతి ఒక్కరూ ఎవరికీ కనపడకూడదనే కట్టారు, అందుకే పక్కవాడిది కూడా ఎవరికీ కనపడలేదు. రెండు వందల పన్నెండు ఇళ్ళు, ప్రతి ఇల్లూ తానొక్కటే దొంగ అనుకుంది. ముందు పడీపడీ నవ్వాను. మోకాలి ఎత్తున నా తీగముడి కనిపించాక నవ్వు ఆగిపోయింది. బిగించినదాన్ని నేనే కదా, నా ముడి నాకు తెలుసు.

వారానికి నాలుగో వేలు ఇక్కడ ఉంది.

"ఈటన్నిటినీ పీకి పారేస్తేనో?"

"నడకమనిషి బిళ్ళ ముట్టకూడదండి. ముట్టినా నలభై రోజులు నీరు ఇక్కడికే వస్తుంది. చెట్టు పోయిందని ఇంటివారే వచ్చి చెప్పాలి. ఆ రోజు నుంచే నీరు ఆగుతుంది."

"నేను పుస్తకంలో రాస్తే?"

"మీ చెట్టు గురించి మీరు రాయవచ్చు."

ఏ బిళ్ళ ఏ ఇంటిదో కర్రకి తెలుసు. అడిగితే నంబర్లన్నీ చదువుతుంది. నేను అడగలేదు. ఈ పుస్తకంలో ఒక్క నంబరే రాస్తున్నాను. నలభై ఒకటి. మా ఇల్లు.

317వ నడక. మంగళవారం, సాయంత్రం. గట్టు దాకా, వెనక్కి ఇంటి దాకా.

చదివాను.

చదవక ముందే జోగారావు గారు ఒక మాట అన్నారు. ఎర్రగీత దాకా రాకుండా ఉప్పుమడివాళ్ళే మంచిమనసుతో రెండు రోజులకోసారి నీళ్ళు తీసుకుంటే బాగుంటుందని. చాలామంది తలలూపారు. పైడితల్లి అప్ప కొంగు బిగించుకుని నా చేతిలో పుస్తకం వైపు చూసింది.

పూల లెక్క చదువుతుంటే నవ్వారు. కప్పల దగ్గర పిల్లలు అరిచి చూపించారు. 'ఒక్కటీ లేదండి' దగ్గరికి వచ్చేసరికి పెద్దవాళ్ళు పిల్లల్ని కూర్చోబెట్టారు. అమ్మ సంగతి చదివేటప్పుడు రెండుసార్లు ఆగి మళ్ళీ మొదలుపెట్టాను. మాను చుట్టూ ఉన్నవి చదువుతుంటే ఒక్కరూ నా వైపు చూడలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం విన్నాను గానీ, వార్డు వార్డంతా ఒక్కసారిగా కండువాలూ పైటలూ సర్దుకోవడం ఎప్పుడూ చూడలేదు.

"కంచే సేను మేసిందన్నమాట," అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"మేసింది బాబూ," అన్నాను. "రాసుకొచ్చినాను కదా."

"మిగతా నంబర్లు కూడా సదువు మరి!" అని ఇంకొకరు. అన్నవాళ్ళని పక్కనున్నామె మోచేత్తో పొడిచింది.

"నా దగ్గర ఒకటే ఉంది. మిగతాయి మీ దగ్గరున్నాయి."

అప్ప లేచి నా దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను, కొట్టినా పడేదాన్ని. "ఇన్నాళ్ళూ మా ఇంట మజ్జిగ తాగినావు గదే," అంది అంతే. వెళ్ళిపోయింది. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది.

318వ నడక. బుధవారం.

పొద్దున్నే మైకు పలికింది. "నలభై ఒకటో నంబరు ఇల్లు. గౌరమ్మ గారి పనస పోయింది. నలభై రోజులు సగం ధార." మంచం మీద కూర్చుని విన్నాను. ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు పనుల్లో పడి ఏడవలేదని అప్పుడు తెలిసింది. పలకరించడానికి ఒక్కరూ రాలేదు. మామూలుగా పేరు పిలిస్తే ఇరుగుపొరుగు వచ్చి అరుగు మీద కాసేపు కూర్చోవాలి.

బిళ్ళ విప్పడానికి మద్దితోటకి వెళ్ళాను. అక్కడ ఒక నిచ్చెన, నిచ్చెన మీద పంచె ఎగ్గట్టిన జోగారావు గారు.

"ఎప్పుడొచ్చారు?"

"నాలుగింటికి." ఆయన మొహాన చెమటలు కారుతున్నాయి. "ఎక్కడ కట్టీసేనో మరిసిపోనానమ్మా. మా ఆవిడ పేరునున్న సంపెంగ. రూలెట్టిన నెల్లోనే పోయింది. రూలెట్టినోడి ఇంటే మొదట మైకు పలికితే ఏటి బాగుంటాది సెప్పు?"

"బాగోదు."

"బాగోదు," అన్నారు ఆయన కూడా, ఇంకో కొమ్మ తడుముతూ.

కర్రతో వెతికి ఆయనది పట్టించాను. ఆయన బిళ్ళ అరచేతిలో పెట్టుకుని లెక్కలయ్యతో చెప్పారు. క్షణంలో గేటు బయట మైకు పలికింది. అదిగో, అప్పుడు మొదలయ్యారు. "ఊరికే వాకింగుకొచ్చాను" అని ఒకాయన. చేతిలో కత్తెర ఉంది, ఏ వాకింగో. "కప్పల్ని చూద్దామని" అని ఇంకొకామె. పది గంటలకి మడుగు నిండా మనుషులే. చీరలెగ్గట్టి, లుంగీలెగ్గట్టి, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి. మైకుకి ఊపిరాడలేదు. ఫలానావారి మామిడి పోయింది, ఫలానావారి బాదం పోయింది, ఫలానావారి కుంకుడు. పేరు పిలిచినప్పుడల్లా పక్కనున్నవాళ్ళు నీళ్ళలోనే నిలబడి చెయ్యి పట్టుకుని "అయ్యో, ఎలా పోయింది?" అని అడిగారు. చెప్పారు. నాలుగేళ్ళుగా చెప్పుకోలేని చావులు. పట్టుచీర అంచు కట్టినామె తన బిడ్డ పేరున ఉన్న రేగుచెట్టు గురించి చెబుతూ నా భుజం మీద తల పెట్టేసింది. అప్పుడే నా దగ్గరికీ వచ్చి అడిగారు, అమ్మ పనస ఎలా పోయిందని. చెప్పాను, చెద అని, చూసుకోలేదని.

సాయంత్రానికి నూట తొంభై ఎనిమిది విప్పారు. పద్నాలుగు మిగిలాయి. ఎవరివో కర్రకి తెలుసు, నేను అడగలేదు. పద్నాలుగు డ్రమ్ములు కప్పలకి చాలు.

324వ నడక. మంగళవారం. వాన తారీఖు మర్నాడు.

నిన్న వాన పడవలు వచ్చే ముందు రాయి కొలిచాను. ఎర్రగీతకి పైన గోరంత నీళ్ళు. నూట తొంభై ఎనిమిది ఇళ్ళ సగం ధారలు కూడా కలిసొచ్చాయి, లేకపోతే ఆ గోరు కూడా ఉండేది కాదు. ఉప్పుమడికి ఒక్క పూట కూడా నీళ్ళు ఆగలేదు. మధ్యాహ్నం వాన కురిసింది. గట్టు మీద నిలబడి తడిసి ముద్దయి ఇంటికొచ్చాను.

పోయిన చెట్టుకి బదులు కొత్తది నాటాలంటే వార్డులో ఖాళీ ఉన్నది ఉప్పుమడిలోనే. అందుకని ఈ వేళ వార్డంతా అక్కడే.

"నూట తొంభై ఎనిమిది గోతులు ఎవుడు తవ్వుతాడు?" అని పైడితల్లి అప్ప నడుం మీద చేతులు పెట్టుకుంది. ఆ తర్వాత తనే జవాబు చెప్పింది. "సెట్టు సంపినోళ్ళే తవ్వండి."

జోగారావు గారికి చేతులు బొబ్బలెక్కాయి. ఆయన మైకు రూలు ఎత్తేద్దామన్నారు. వద్దన్నది అప్పే. "పేరు పిలవాల. పిలిస్తేనే కదా పలకరించడానికి మనుసులొస్తారు. ఆ సగం ధార ఎత్తీయండి, సాలు." అలాగే రాయమన్నారు, రాశాను.

నా వంతు వచ్చినప్పుడు పనస అడిగాను.

"ఉప్పునేల్లో పనస బతకదు," అంది అప్ప. "నీ ముచ్చట కాదు, నేల ముచ్చట సూడు." కానుగ మొక్క చేతిలో పెట్టింది. నాతో మాట్లాడటం మూడు వారాల్లో అదే మొదటిసారి. నేను గొయ్యి తవ్వాను. లోతు చాలదంది, ఇంకా తవ్వాను. మట్టి కప్పి బిళ్ళ కట్టాను.

"ఎవరి పేరున రాయమంటారండి?" అని లెక్కలయ్య అడిగాడు.

అమ్మ పేరే నోటిదాకా వచ్చింది. మింగేశాను. అమ్మ పేరు వెనక దాక్కుని నాలుగేళ్ళు గడిపాను, చాలు.

"నూకరత్నం అని రాయి," అన్నాను. "ఈసారి పోతే నన్నే పిలవండి."

అప్ప తాటాకు గొడుగు ఒకటి తెచ్చి మొక్క మీద పెట్టి, నన్ను పక్కకి జరగమంది.